చెప్పి కొట్టని బంతి

ఆట తెర మీద తెల్ల బంతి బొమ్మ పక్కన ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని ఎడమకో కుడికో జరిపితే బంతిని ఆ పక్కన తాకినట్టు లెక్క. అలా పక్కగా తాకి ఇచ్చే తిరుగుడుకి అమెరికన్ పూల్ ఆటగాళ్ళు పెట్టుకున్న పేరు 'ఇంగ్లిష్'. ఇంగ్లండులో మాత్రం దాన్ని ఇంగ్లిష్ అనరు, ఉత్త 'సైడ్' అంటారు. మా ఆట స్పానిష్ వెర్షన్‌లో ఆ మీట మీద 'ఇంగ్లేస్' అని పడింది. స్పానిష్‌లో ఇంగ్లేస్ అంటే ఇంగ్లిష్ భాష, లేదా ఇంగ్లిష్ వాడు. మెక్సికో నుంచి వచ్చిన మొదటి కంప్లయింట్ నాకింకా గుర్తుంది. భాష మార్చుకుందామని మీట ఎంత జరిపినా ఆట స్పానిష్‌లోనే ఉంటోందట, పైగా బంతి వంకరగా పోతోందట.

ఆ మాట పెట్టింది నేనే.

నాకు స్పానిష్ రాదు. పూల్ అంతకన్నా రాదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో బోర్డు మీద బోరిక్ పౌడర్ చల్లుకుని, రెడ్ వేసినవాడు కవర్ వెయ్యాలా వద్దా అని తగాదాలు పడుతూ క్యారమ్స్ ఆడాం, అంతే. ఇంజనీరింగ్ రోజుల్లో హాస్టల్ దగ్గర గంటకింత అని తీసుకునే పూల్ పార్లర్ ఒకటి ఉండేది. మూడుసార్లు వెళ్ళుంటాను. మూడుసార్లూ స్కోరు రాసే పనే నాది.

అయినా ఆ పని నాకొచ్చింది. మా టీమ్ ఒక క్లయింట్ కోసం ఫోన్‌లో ఆడే పూల్ గేమ్ చేస్తోంది. స్పానిష్‌లో విడుదల చెయ్యాలన్నారు. ఒక ఫైల్ ఇచ్చారు: ఎడమ వైపు కీ, మధ్యలో ఇంగ్లిష్ మాట, కుడి వైపు ఖాళీ గడి. ఆ మాట ఎక్కడ కనిపిస్తుందో, ఎవరు ఎవరితో అంటారో ఏమీ ఉండదు. మా ప్రపంచంలో అనువాదమంటే ఖాళీ గడి నింపడమే. గడి ఖాళీగా ఉంటే బిల్డ్ ఆగిపోతుంది. తప్పు మాటతో నిండి ఉంటే హాయిగా నడుస్తుంది. నేను మెషీన్ ట్రాన్స్‌లేషన్‌తో నింపేసి, అనుమానం వచ్చిన చోట ఆన్‌లైన్ నిఘంటువు చూసి, ఒక శుక్రవారం సాయంత్రం అప్పజెప్పేశాను.

పూల్ ఈత కొలనైపోయింది. బంతి పడే పాకెట్, చొక్కా జేబైపోయింది. బంతిని తాకాక వెనక్కి లాగే దెబ్బ 'డ్రా' కదా, అది బొమ్మ గీయడమైంది. తెల్ల బంతి పొరపాటున కంతలో పడితే 'స్క్రాచ్', అది 'రస్గూన్యో' అయింది, అంటే గోరు గీరుకున్న గాటు. ఆట మొదట్లో బంతుల గుంపుని బద్దలుకొట్టే 'బ్రేక్' టీ తాగే విరామమైంది. ఒక్కొక్కటీ నిఘంటువులో ఉన్న అర్థమే. ఏదీ అబద్ధం కాదు. కానీ అన్నీ కలిపి చదివితే, ఎవరో ఈత కొలను పక్కన కూర్చుని, జేబులో చెయ్యి పెట్టుకుని, బొమ్మలు గీసుకుంటూ, మధ్యలో గోళ్ళతో గీరుకుంటున్నట్టుంది.

తర్వాత రివ్యూకి ఒకావిడని పెట్టారు. కొలంబియా ఆవిడ, మాటకింత అని డబ్బు తీసుకునే కాంట్రాక్టర్. వాళ్ళ ఊళ్ళో నాన్నగారికి బిలియర్డ్స్ హాలు ఉండేదట. ఆ ఫైల్లో ఆవిడ రాసిన కామెంట్లు చదవడమే నాకు తెలిసిన స్పానిష్ పాఠం. డ్రాకి 'రెత్రొసేసో', అంటే వెనకడుగు. బంతిని తాకి కూడా ముందుకే పోయే ఫాలోకి 'కొర్రీదో'. బ్రేక్‌కి 'సాకే'. మరి ఇంగ్లిష్‌కి? 'ఎఫెక్తో'. అంటే ఎఫెక్టే, ఫలితం.

ఇక్కడ కాసేపు ఆగకుండా ఉండలేను. బిలియర్డ్ బంతులకీ తత్వశాస్త్రానికీ ఉన్న సంబంధం డేవిడ్ హ్యూమ్‌ది. 1748లో వచ్చిన పుస్తకంలో ఆయన అడిగింది ఇదే. ఒక బంతి ఇంకోదాన్ని తాకుతుంది, రెండోది కదులుతుంది. మీరు చూసింది ముందొకటీ వెనకొకటీ జరగడమే కదా, మధ్యలో 'దీని వల్ల అది' అనేదాన్ని ఎక్కడ చూశారు అని. కారణం, కార్యం అని మనం అనుకునేదాన్నంతా ఆ బల్ల మీద పెట్టి ప్రశ్నించాడు. స్పానిష్ ఆటగాడు ఆ బల్ల దగ్గరే నిలబడి, బంతికి ఇచ్చే తిరుగుడునే ఎఫెక్తో అంటాడు. హ్యూమ్‌కి ఎక్కడా కనిపించని ఎఫెక్ట్, వీడు సుద్ద రాసిన కర్ర కొసతో బంతికి అంటిస్తాడన్నమాట. దీన్నుంచి ఏ సిద్ధాంతమూ రాదు గానీ, నాకు ఆ వారమంతా ఇదే తలపు.

ఆవిడ కామెంట్ల పుణ్యమా అని మాటల వెనక పడ్డాను. ఇంగ్లిష్ 'క్యూ' ఫ్రెంచిలో తోక. పూర్వం బరువైన తల ఉన్న కర్రతో బంతుల్ని నెట్టేవాళ్ళు. బంతి అంచుకి ఆనుకుని ఉంటే ఆ తల అడ్డమొస్తుంది, అందుకని కర్ర తిప్పి తోకతో కొట్టడం మొదలైంది. పోనుపోను తల పోయి తోకే మిగిలింది. స్పానిష్‌లో కర్రని 'తాకో' అంటారు. తాకో మెక్సికోలో తిండి, స్పెయిన్‌లో బూతుమాట, దక్షిణ అమెరికాలో చాలాచోట్ల చెప్పు మడమ, చిలీలో ట్రాఫిక్ జామ్. పాకెట్‌ని 'త్రోనెరా' అంటారు. కోట గోడలోనో ఓడ పక్కనో ఫిరంగి మూతి పెట్టడానికి వదిలే కంతకి ఆ పేరు, ఉరుము అనే మాట నుంచి వచ్చింది. ఇంగ్లిష్ వాడికి జేబు కనిపించిన చోట స్పానిష్ వాడికి ఫిరంగి కంత కనిపించింది. మెక్సికోలో, కొలంబియాలో 'బుచాకా' అని కూడా అంటారు, అది మళ్ళీ సంచీయే. ఆవిడ త్రోనెరా ఉంచింది. ఎందుకో పక్కన రాసింది: మా వాళ్ళకి బుచాకా ముద్దు, కానీ ఇది స్పెయిన్‌లో కూడా ఆడతారు కదా.

కర్ర కొస జారి బంతిని సరిగ్గా తాకకపోతే ఇంగ్లిష్‌లో 'మిస్‌క్యూ', స్పానిష్‌లో 'పిఫియా'. పిఫియా బల్ల దిగి ఊళ్ళోకి వెళ్ళిపోయింది. సభలో మంత్రి నోరు జారినా పిఫియాయే, అన్నంలో ఉప్పు ఎక్కువైనా పిఫియాయే. ఒక బంతితో రెండు బంతుల్ని తాకడం 'కరంబోలా'. అది కూడా ఊళ్ళోకి వెళ్ళింది. స్పానిష్‌లో ఏదైనా పని 'పోర్ కరంబోలా' జరిగిందంటే డొంకతిరుగుడుగా జరిగిందని, 'దె కరంబోలా' జరిగిందంటే అనుకోకుండా కలిసొచ్చిందని. ఈ కరంబోలా ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లో 'కారమ్' అయి, అక్కణ్ణుంచి మన ఇళ్ళలో క్యారమ్స్ బోర్డైంది. నేను ఇంగ్లిష్ మాటకి స్పానిష్ వెతుకుతూ తిరిగి తిరిగి మా మేడ మీది బోరిక్ పౌడర్ దగ్గర తేలాను.

ఇప్పుడు అసలు సంగతి.

ఫైల్లో ఒక గడి 'ఫ్లూక్!'. ఆటగాడు అనుకోని బంతి అనుకోని కంతలో పడితే తెర మీద మెరిసే మాట. మనం 'గుడ్డి లక్కు' అంటాం చూడండి, అది. మెషీన్ 'కాజువాలిదాద్' అని ఇచ్చింది, యాదృచ్ఛికం అని. స్పానిష్‌లో అది పది అక్షరాలు. తెర మీద పసుప్పచ్చ పెట్టెలో పట్టలేదు, చివరి రెండు అక్షరాలు బయటికొచ్చాయి. పెట్టె వెడల్పు మార్చాలంటే డిజైనర్‌ని అడగాలి, డిజైనర్ సెలవులో ఉంది. నిఘంటువులో కింద ఇంకో మాట ఉంది, 'చిరిపా'. ఏడు అక్షరాలు. పట్టింది. పెట్టేశాను.

ఆవిడ కామెంట్: 'చాలా బాగుంది! ఇది బల్ల దగ్గర పుట్టిన మాటే. ఎలా తెలిసింది మీకు?'

వెళ్ళి చూస్తే నిజమే. స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువులో చిరిపాకి మొదటి అర్థమే బిలియర్డ్స్ ఆటలో యాదృచ్ఛికంగా కలిసొచ్చిన అదృష్టం. మామూలు అదృష్టం రెండో అర్థం. ఇంకా విచిత్రం, ఇంగ్లిష్ ఫ్లూక్ కూడా ఆ అర్థంలో 19వ శతాబ్దం మధ్యలో బిలియర్డ్స్ మాటగానే మొదట నమోదైంది. రెండు భాషలూ ఆ బల్ల దగ్గరే నిలబడి అదృష్టానికి పేరు పెట్టుకున్నాయి. ఆ జంటని కలపడం ఏ అనువాదకుడికైనా గర్వకారణం. నేను కలిపింది పెట్టె వెడల్పు చూసి.

జవాబుగా 'కొంచెం వెతికాను' అని రాశాను. అబద్ధం కాదు. నిఘంటువులో కిందికి స్క్రోల్ చెయ్యడం కూడా వెతకడమే కదా.

రెండు వారాల తర్వాత ఖర్చుల మీటింగ్. మేనేజర్ స్క్రీన్ షేర్ చేసి ఫైల్ తెరిచాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఆయన మీద ఆయన పైవాడున్నాడు. ఆ కామెంట్ చూపించి, 'చూడండి, రివ్యూయరే మెచ్చుకుంటోంది. మెషీన్ ప్లస్ మనవాడు సరిపోతాడు. వచ్చే రిలీజ్‌కి బయటివాళ్ళు అవసరమా?' అన్నాడు. నా మైకు మ్యూట్‌లో ఉంది. దాన్ని నొక్కి, అది మేధావితనం కాదు సార్, ఏడు అక్షరాలు అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మీటింగ్ తర్వాతి అజెండాకి వెళ్ళిపోయింది. ఆవిడ కాంట్రాక్ట్ ఆ నెలాఖరుతో అయిపోయింది.

నేను చెప్పినా ఫలితం మారేదని కాదు. బహుశా మారేది కాదు. కానీ నేను చెయ్యని పనికి నాకొచ్చిన మెప్పు, ఇంకొకరి పని అనవసరం అనడానికి సాక్ష్యమైంది. ఆ సాక్షిని నేనే. అప్పట్నుంచీ ఒక ప్రశ్న వదలడం లేదు. తెలియకుండా సరిగ్గా పడిన మాట అనువాదమేనా?

మా టీమ్‌లో ఒక మిత్రుడి వాదన సూటిగా ఉంటుంది. 'బొగొటాలో బస్సులో కూర్చుని ఆడుకునేవాడికి చిరిపా అని కనిపించింది. నవ్వుకున్నాడు. నువ్వు ఎలా పెట్టావన్నది వాడికెందుకు? టెస్ట్ పాసైందా లేదా?' పాసైంది. ఇది కొట్టిపారేసే వాదన కాదు. ప్లేటో రాసిన 'మెనో' సంభాషణలో సోక్రటీస్ నోట ఇంచుమించు ఇదే వస్తుంది. లారిస్సా ఊరికి దారి తెలిసినవాడూ, ఎప్పుడూ వెళ్ళకుండానే దారి సరిగ్గా ఊహించినవాడూ, ఇద్దరూ మనల్ని లారిస్సాకే చేరుస్తారు. మరి ఊహకన్నా తెలివిడి ఎందులో గొప్ప? సోక్రటీస్ చెప్పే జవాబు: సరైన ఊహలు డెడాలస్ చేసిన బొమ్మల్లాంటివి, కట్టెయ్యకపోతే లేచి పారిపోతాయి. చిన్నప్పుడు ఇది చదివితే నాకు తప్పించుకునే జవాబులా అనిపించింది. పారిపోతే అప్పుడు చూద్దాం, ప్రస్తుతానికి బొమ్మ ఇక్కడే ఉంది కదా అనుకున్నాను.

మన పాతవాళ్ళకి దీనికి రెండు పేర్లున్నాయి. కాకి వాలడం, తాటిపండు రాలడం కాకతాళీయం. ఇది అందరికీ తెలిసిందే. రెండోది ఘుణాక్షర న్యాయం. పురుగు తాటాకునో కొయ్యనో తొలుచుకుంటూ పోతుంది. ఆ తొలిచిన గీత ఒకచోట అక్షరంలా కనిపిస్తుంది. చదివేవాడికి అది అక్షరమే, పురుగుకి తిండి. కాకతాళీయం జరిగినవాటి గురించి. ఘుణాక్షరం రాసినవాటి గురించి. నా చిరిపా అచ్చంగా ఈ రెండోది. పురుగుకి ఆకలి, నాకు పిక్సెళ్ళు.

పూల్ ఆటలో ఈ ప్రశ్నకి నియమాలే ఉన్నాయని తర్వాత తెలిసింది. ప్రపంచ పూల్ సంఘం నియమాల ప్రకారం ఎయిట్‌బాల్‌లో ఏ బంతి ఏ కంతలో వేస్తావో ముందే తేటగా ఉండాలి, సందేహం ఉంటే నోటితో చెప్పాలి. ఇంగ్లిష్‌లో దాన్ని 'కాల్' చెయ్యడం అంటారు. స్పానిష్‌లో 'కాంతార్', అంటే పాడడం. పాడని బంతి పడితే పడింది గానీ నీ వంతు పోతుంది. నైన్‌బాల్‌లో అలా లేదు. వరసలో చిన్న అంకె బంతిని ముందు తాకావా, చాలు. ఆ దెబ్బకి తొమ్మిదో బంతి ఎలా దొర్లి ఎందులో పడినా ఆట నీదే. స్నూకర్‌లో గుడ్డిగా పడ్డ బంతికీ పాయింట్లు వస్తాయి, కానీ ఆటగాడు చెయ్యి కొంచెం ఎత్తి ఎదుటివాడికి క్షమాపణ సైగ చేస్తాడు. ఎవరూ అడగరు, నియమంలో లేదు. పాయింట్లు తీసుకుంటూనే, ఇది నాది కాదు అని ఒప్పుకోవడం. నాకు ఆ మూడోది చాలా నచ్చింది. నేను చెయ్యాల్సిందల్లా ఆ చెయ్యెత్తడమే. మైకు అంత దూరం.

అనువాదం ఏ ఆట? సెర్వాంటెస్ 1613లో తన నీతికథల పుస్తకానికి ముందుమాట రాస్తూ, ఈ పుస్తకం ఊరి కూడలిలో పెట్టిన ఆటబల్ల లాంటిది, ఎవరైనా వచ్చి ఎవరికీ హాని లేకుండా పొద్దుపుచ్చుకోవచ్చు అంటాడు. ఆయన చెప్పిన ఆట 'త్రూకోస్', బిలియర్డ్స్‌కి దగ్గర చుట్టం, అదే ఆట మాత్రం కాదు. ఇంగ్లిష్ చేసినవాళ్ళు 'బిలియర్డ్ టేబుల్' అని రాస్తారు. అది కూడా ఒకరకంగా తప్పే. అయితే ఆ మాట ఎంచుకున్నవాడికి తను ఏం వదిలేస్తున్నాడో తెలుసు. పాత ఆట పోనిచ్చి, కూడలిలో బల్లనీ, చుట్టూ చేరిన మనుషుల్నీ నిలబెట్టాడు. పాడి కొట్టిన బంతి అది. ఆ తప్పు పక్కన నా ఒప్పు పెడితే నాకు సిగ్గుగా ఉంటుంది. ఎందుకు సిగ్గుపడాలో మాత్రం చాలాకాలం చెప్పలేకపోయాను.

కరంబోలా దగ్గర ఇంకొక కథ ఉంది. కరంబోలా అంటే స్పానిష్‌లో ఒక పండు కూడా, మనం స్టార్ ఫ్రూట్ అంటాం. పోర్చుగీసువాళ్ళు ఆ పేరు మరాఠీ నుంచి పట్టుకెళ్ళారు, మరాఠీకి అది సంస్కృతం 'కర్మరంగ' నుంచి వచ్చింది. పండు పేరే బంతికి వచ్చిందా అంటే నిఘంటుకారులు 'బహుశా' అని ఊరుకుంటారు. పండుకి శాస్త్రీయ నామం అవెర్హోవా కరంబోలా. ఆ మొదటి మాట లిన్నేయస్ పెట్టింది, 12వ శతాబ్దపు కోర్దొబా తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ పేరు మీద. యూరప్‌లో ఆయన అవెర్రోస్. అరిస్టాటిల్‌కి ఆయన రాసిన వ్యాఖ్యానాలే ఐరోపాకి శతాబ్దాలపాటు దిక్కు. ఆయనకి గ్రీకు రాదు. అనువాదాల మీద ఆధారపడి రాశాడు.

బోర్హెస్ 'అవెర్రోస్ అన్వేషణ' అని స్పానిష్‌లో ఒక కథ రాశాడు, 1949లో వచ్చిన 'ఎల్ ఆలెఫ్' సంపుటిలో ఉంది. అందులో అవెర్రోస్ అరిస్టాటిల్ పుస్తకంలో రెండు మాటల దగ్గర ఆగిపోతాడు: ట్రాజెడీ, కామెడీ. ఆయన లోకంలో నాటకం అనేదే లేదు. కిటికీలోంచి చూస్తే కింద పిల్లలు ఆడుకుంటుంటారు, ఒకడు ఇంకొకడి భుజాల మీదెక్కి నమాజుకి పిలిచేవాడిలా నటిస్తుంటాడు. నాటకమంటే అదే. ఆయన చూస్తాడు, కానీ కలపలేడు. చివరికి ట్రాజెడీ అంటే స్తుతి, కామెడీ అంటే నింద అని రాసుకుంటాడు.

ఆట తెలియని వాడు ఆట మాటని అనువదించబోవడం గురించి ఇంతకన్నా మంచి కథ నాకు తెలియదు. నేనూ ఆయనా ఒకే చోట ఇరుక్కున్నాం అనిపించి మొదట కాస్త ఊరట పొందాను. తర్వాత సిగ్గేసింది. ఆయన మొత్తం అరిస్టాటిల్‌ని మోసుకుంటూ వచ్చి, రెండు మాటల ముందు ఆగిపోయి, పాడి, గురి చూసి కొట్టి తప్పాడు. నేను పాడలేదు, చూడలేదు, పడింది. ఫైల్లో మాత్రం నాకు పక్కన ఆకుపచ్చ టిక్కు ఉంటుంది, ఆయనకి ఎర్ర రంగు.

దీనికి తత్వశాస్త్రంలో జవాబు దొరుకుతుందని వెతికాను గానీ, అది దొరికింది రెండో రిలీజ్‌లో.

కొత్త మాటలొచ్చాయి. ఈసారి ఆవిడ లేదు, నేనూ మెషీనూ. బంతి వెయ్యకుండా ఎదుటివాడికి చిక్కు మిగిల్చే దెబ్బ ఉంటుంది, 'సేఫ్టీ'. మేం 'సెగురిదాద్' అని పెట్టాం. ఆటలో పాస్‌వర్డ్ మార్చుకునే చోట కూడా అదే మాట. తెల్ల బంతిని ముందు అంచుకి కొట్టి తర్వాత వేరే బంతిని తాకించడం 'కిక్'. అది 'పతాదా', కాలితో తన్నుడు. 'బ్యాంక్ షాట్' డబ్బులేసుకునే బ్యాంకుకి వెళ్ళిపోయింది. బల్ల అంచుని 'బాండా' అంటారనీ, మూడు అంచుల ఆటకి ఆ పేరే ఉందనీ ఆవిడ మొదటి ఫైల్లోనే రాసింది. ఆ కామెంట్ ఎవరూ తెరవలేదు, నాతో సహా.

అప్పుడే ఒక సాయంత్రం ఆఫీసు దగ్గరి పార్లర్‌లో కూర్చుని ఇద్దరు కుర్రాళ్ళు ఆడుతుంటే చూశాను. ఒకడు గుడ్డిగా ఒకటి వేశాడు, అంతా అరిచారు. అరుపులయ్యాక చూస్తే తెల్ల బంతి వెళ్ళి రెండు బంతుల వెనక ఇరుక్కుని ఉంది. తర్వాతి దెబ్బకి దారే లేదు. రెండోవాడు వేసినవన్నీ సులువైనవి, ఎవరూ అరవలేదు. కానీ ప్రతిసారీ తెల్ల బంతి వచ్చి తర్వాతి బంతికి ఎదురుగా నిలబడుతోంది. ఆట తెలిసినవాళ్ళు పడిన బంతిని చూడరు, తెల్ల బంతి ఎక్కడ ఆగిందో చూస్తారు. పడిన బంతి రెండు సందర్భాల్లోనూ ఒకటే. మా మిత్రుడి టెస్ట్ కేసు ఆ బంతినే చూస్తుంది. డెడాలస్ బొమ్మ సంగతి నాకు అక్కడ కొంచెం అర్థమైంది.

ఇంటికొచ్చి పాత ఫైల్ తెరిచాను. చిరిపా గడి పక్కన ఆవిడ మెప్పు కింద ఇంకో వాక్యం ఉంది. మెప్పు చదివిన ఊపులో దాన్ని అప్పుడు చదవలేదు. 'ఉంచండి. కానీ తెలుసుకోండి, వెనెజ్వేలాలో చిరిపా అంటే చిన్న బొద్దింక కూడా. అర్థమవుతుంది, కాస్త నవ్వుతారు. బొమ్మ మాత్రం పురుగులా వెయ్యకండి.' వెతికితే, 1993 ఎన్నికల్లో రాఫాయెల్ కల్దేరాని గెలిపించిన చిన్నా చితకా పార్టీల గుంపుని అక్కడివాళ్ళు 'చిరిపేరో' అన్నారట, బొద్దింకల గుంపు అని. ఒక్క మాటకి బల్ల దగ్గరి పుట్టుకా, కారకాస్ వంటింటి నేలా, ఒక ఎన్నికా, అన్నీ ఆవిడకి తెలుసు. మాటకింత అని మేం కట్టిన డబ్బు ఒక మాటకే.

పోయిన నెల ఆవిడకి రాశాను. లింక్డిన్‌లో వెతికి పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను: చిరిపా గురించి నాకేమీ తెలియదు, పెట్టెలో పట్టిందని పెట్టాను, మీటింగ్‌లో మాట్లాడాల్సింది, మాట్లాడలేదు.

రెండు రోజులకి జవాబొచ్చింది. మీకు తెలియదని నాకు అప్పుడే తెలుసు అంది. ఎలాగంటే, మూడు గడుల కింద స్క్రాచ్‌కి 'రస్గూన్యో' అని ఉంది. బల్ల దగ్గర నిలబడి చిరిపా అనే మాట విన్నవాడెవడూ ఆ గాటు పెట్టడు.

మరి ఎందుకు మెచ్చుకున్నారు అని అడిగాను. వాళ్ళ నాన్న హాల్లో కొత్త కుర్రాడెవడైనా గుడ్డిగా ఒకటి వేస్తే, పెద్దవాళ్ళు తాకో మడమతో నేల మీద రెండుసార్లు తట్టేవారట. వాడు మళ్ళీ రావాలని. చివర్లో ఒక ప్రశ్న: కొత్త రిలీజ్ వచ్చిందట కదా, సేఫ్టీకి ఏం పెట్టారు?

రాయడానికి కాసేపు పట్టింది. సెగురిదాద్ అని రాశాను. నవ్వుతున్న బొమ్మ ఒకటి వచ్చింది. దాని కింద ఒక్క మాట, 'దెఫెన్సా'.

ఆ మాటకి మేం డబ్బు కట్టలేదు, కట్టే దారీ లేదు, ఆవిడ మా వెండర్ లిస్టులోంచి పోయి ఏడాదైంది. ఫైల్ నా దగ్గర తెరిచే ఉంది. ఆ గడిలో సెగురిదాద్ తీసి దెఫెన్సా పెట్టనా, పెడితే మార్పు ఎవరి పేరు మీద కమిట్ చెయ్యను అన్నది ఇంకా తేల్చుకోలేదు.